పోలీసు వృత్తి సంస్కృతి, 4వ పాఠం: విన్నది వేరు, చూసింది వేరు

ఈ వారం ఇంటర్వ్యూ ప్రశ్నలు మొదలవ్వాలి. వాటిని వాయిదా వేస్తున్నాను. గత అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఇలా ఉన్నాయి: "ఆ ఏరియా వాళ్లను నమ్మలేం అని కానిస్టేబుల్ అన్నాడు, కాబట్టి వాళ్లనే ఎక్కువగా ఆపుతారు." ‘కాబట్టి’కి ముందున్నది మీరు విన్నది, తర్వాతది మీరు చూడనిది. ఇది సరిచేయకుండా ముందుకు పోలేం.

ప్రమాదం, అధికారం కలిసి పోలీసు మనసును అనుమానానికి అలవాటు చేస్తాయన్న అమెరికా సామాజిక శాస్త్రవేత్త స్కోల్నిక్ వాదన (1966) మీకు తెలిసిందే. ఆ అనుమానం మాటల్లో వినిపిస్తే, పనిలోనూ అలాగే కనిపిస్తుందా?

లండన్ పోలీసులపై స్మిత్, గ్రే అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1983లో వచ్చింది. పోలీసుల మధ్య జాతి ద్వేషపు మాటలు మామూలుగా వినిపించాయి. నల్లజాతి వారితో ఎదురుపడ్డప్పుడు ప్రవర్తన మాత్రం చాలాసార్లు ఆ మాటలకు సరిపోలలేదు. అలాగని వివక్ష లేదని రాసేయకండి. వెస్టిండీస్ మూలాల యువకులను పోలీసులు చాలా ఎక్కువగా ఆపుతున్నారని అదే అధ్యయనంలోని సర్వే చూపింది. మాటను బట్టి ‘చేస్తారు’ అనీ తేల్చలేం, ‘చేయరు’ అనీ తేల్చలేం. పనిని విడిగా లెక్కించాలి.

మరి మాటను పారేయాలా? వద్దు. పోలీసుల క్యాంటీన్ కబుర్లు తోటివారి కోసం చెప్పుకునేవని, విసుగుతో, ప్రమాదంతో నిండిన పనికి అవి అర్థం ఇస్తాయని బ్రిటిష్ పరిశోధకుడు వాడింగ్టన్ 1999లో వాదించారు. ఎవరు, ఎవరి ముందు, ఏ డ్యూటీ తర్వాత అన్నారో రాస్తేనే ఆ మాట పనికొస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు పదేపదే చెప్పే కథలైతే బంగారం, ఒక్కటీ వదలొద్దు.

నోటుబుక్కు పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటిది చూసినది: సమయం, ఎవరు ముందు మాట్లాడారు, ఎన్ని నిమిషాలు, ఎలా ముగిసింది. రెండోది విన్నది: ఉన్నదున్నట్టు గుర్తున్న మాటకే కొటేషన్ గుర్తులు. మూడోది మీ ఊహ, పెన్సిల్‌తో. సంఘటన జరుగుతుండగా పుస్తకం తీయకండి. పక్కకు వచ్చాక నాలుగు ముక్కలు గీకి, ఆ రాత్రే, ఎవరితోనూ చర్చించకముందే విస్తరించి రాయండి. తెల్లారితే వరుస తారుమారవుతుంది. రికార్డర్ నాకు నచ్చదు, అది కనపడగానే మాట ఆఫీసు భాషలోకి మారిపోతుంది. పేర్లకు బదులు కోడ్ వాడి, దాని జాబితా వేరే చోట దాచండి. స్టేషన్‌లో అనుమతితో కూర్చుంటే మొదటి రెండు డ్యూటీలను లెక్కలోకి తీసుకోను, మీరున్నారని అందరూ జాగ్రత్తగా ఉంటారు.

లెక్కకు ఇంకో చిక్కు ఉంది. ఆపిన 20 మందిలో 15 మంది కుర్రాళ్లయితే ఏమీ తేలదు, ఆ దారిన వెళ్లినవాళ్లలో కుర్రాళ్లెందరో తెలియాలి.

అభ్యాసం: రద్దీ కూడలిలో ఫుట్‌పాత్ మీద 2 గంటలు నిలబడండి. ప్రతి అరగంటలో 5 నిమిషాలు వెళ్లే బైకులన్నీ లెక్కపెట్టండి, నడిపేవారి అంచనా వయసుతో సహా. మొత్తం 2 గంటల్లో ఆపిన ప్రతి బైకుకీ ఒక వరుస రాయండి: కాగితాలు అడిగారా, చలానా రాశారా, వదిలేశారా. ఆపకుండా ఫొటో తీసి ఈ-చలానా వేసేవి విడిగా రాయాలి, అక్కడ ముఖాముఖి మాటే లేదు. మీరు ఫొటోలు తీయొద్దు, బండి నంబర్లు రాయొద్దు. మరో రోజు అదే కూడలిలో, అదే వేళకు మళ్లీ చేయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి పంపండి, మీ ఊహ రాసే మూడో గడి ఖాళీగా.