సరిహద్దు తెలుగు కుటుంబం ఒక మెట్టు పైకి ఎక్కాలంటే

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు కష్టపడడంలో ఎవరికీ తీసిపోవు. అయినా కూలి పని చేసిన తాత మనవడు కూలి పనిలోనే ఉన్న ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అంతవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఈ ఊళ్లు అందులో కలిశాయి. ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి గాని కచేరీలో నడిచే భాష మారింది. ఆనాటి నుంచి మనవారు పై మెట్టు ఎక్కడం డబ్బు కంటే ముందు రెండింటిమీద ఆధారపడుతూ వచ్చింది: ఒకటి ఒడియా అక్షరం, రెండవది సరైన కాగితం. ఈ రెండూ ఎలా సమకూర్చుకోవాలో నా అనుభవంలో తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక తెల్లకాగితం తీసుకుని మూడు తరాల వివరాలు రాయండి. తాత, తండ్రి, మీరు. వీరితోపాటు నానమ్మ, అమ్మ, మేనత్తలు. ఒక్కొక్కరి పేరు ఎదుట వారు చేసిన పని, ఉన్న భూమి, చదివిన తరగతి, చదవగలిగిన భాషలు, పుట్టిన ఊరు, వలస వెళ్లిన సంవత్సరం రాయండి. మా ఇంట్లో ఈ కాగితం రాసినప్పుడు నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. మా తాతగారు వేలిముద్ర వేసే కౌలురైతు. మా నాన్నగారు ఒడియా, తెలుగు రెండూ చదవగలగడంవల్ల బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరారు. మా చిన్నాన్న గంజాం జిల్లా నుంచి వేలాదిమంది వెళ్లినట్టే సూరత్ మరమగ్గాలలో పనికి వెళ్లి, చాలా ఏళ్లు నాన్నగారికంటే ఎక్కువే సంపాదించారు. చివరకు నాన్నగారి పిల్లలం బల్లముందు కూర్చునే ఉద్యోగాలలో చేరాము, చిన్నాన్న పిల్లలు మళ్లీ మగ్గం ముందే నిలబడ్డారు. ఇందులో చిన్నాన్న తప్పేమీ లేదు. ఆయన పంపిన డబ్బుతోనే నా ఫీజులు కట్టారని ఈ సందర్భంలో చెప్పడం నా ధర్మం.

సమాజశాస్త్రవేత్త పితిరిమ్ సొరోకిన్ 1927లోనే ఈ తేడాను స్పష్టంగా వివరించాడు. ఒకే ఎత్తులో ఒకచోటి నుంచి మరొకచోటికి మారడం అడ్డంగా సాగే కదలిక, ఒక అంతస్తు నుంచి మరొక అంతస్తుకు మారడం నిలువుగా సాగే కదలిక. ఊరు మారినంత మాత్రాన, ఆదాయం పెరిగినంత మాత్రాన అంతస్తు మారదు. అందుచేత మీ కాగితంలో ఎవరు అడ్డంగా కదిలారో, ఎవరు పైకి ఎక్కారో, ఆ ఎక్కినవారి చేతిలో ఏమున్నదో గుర్తుపెట్టండి. తరువాతి అడుగు అక్కడినుంచే తెలుస్తుంది.

డబ్బు రాగానే పెద్ద పెళ్లి, పెద్ద గృహప్రవేశం చేసి ఊరిలో గౌరవం సంపాదించుకుందామనే ఆలోచన సహజమే. కాని ఆ దారి అందరికీ తెరుచుకోదు. 1950లలో మానవశాస్త్రవేత్త ఎఫ్. జి. బెయిలీ నేటి కంధమాల్ జిల్లాలోని బిసిపడా గ్రామంలో జరిపిన పరిశీలన దీనికి మంచి ఉదాహరణ. అక్కడ సారా వ్యాపారంలో లాభం గడించిన కులంవారు భూములు కొని, పై కులాల ఆచారాలు పాటించి, క్రమంగా తమ స్థానం పెంచుకోగలిగారు. సమాజశాస్త్రవేత్త ఎం. ఎన్. శ్రీనివాస్ ఇటువంటి మార్పుకే సంస్కృతీకరణ అని పేరు పెట్టారు. అదే గ్రామంలో అంటరానివారుగా చూడబడినవారు కూడా డబ్బు సంపాదించి, ఆచారాలు మార్చుకున్నారు, అయినా ఊరు వారిని అంగీకరించలేదు. అప్పుడు వారు ఊరి మన్నన కోసం చూడడం మాని చట్టంవైపు, ప్రభుత్వంవైపు తిరిగారు. దళిత, ఆదివాసీ కుటుంబాలు విందులకు పెట్టే ప్రతి రూపాయీ పిల్లల పరీక్షలకు పెట్టాలని నేను గట్టిగా కోరేది ఈ కారణంవల్లనే.

ఇక కాగితాల సంగతి. దీనిని ఓపికగా చదవవలసిందిగా మనవి, ఎందుకంటే మనవారి పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. మొట్టమొదటి చిక్కు పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాము, ఒడియావారు చివర రాస్తారు. బడిలో చేర్చుకునేటప్పుడు పేరులోని "రావు"నే ఇంటిపేరుగా రాసుకున్న సందర్భాలు కోకొల్లలు. మా ఇంటి పట్టాలో ఇంటిపేరు ముందు ఉంటే, నా మెట్రిక్ (పదవ తరగతి) సర్టిఫికెట్‌లో అది ఒక్క పొడి అక్షరమైంది, మా తమ్ముడి సర్టిఫికెట్‌లో అసలే లేదు. మేమిద్దరం ఒకే తండ్రి పిల్లలమని నిరూపించుకోవడానికి ఒక కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగాము, ఈలోగా తమ్ముడి దరఖాస్తు గడువు దాటిపోయింది. కాబట్టి పిల్లవాడిని ఒకటవ తరగతిలో చేర్పించే రోజునే తండ్రి ఆధార్‌లో పేరు ఏ వరుసలో ఉన్నదో అదే వరుసలో, అవే అక్షరాలతో రాయించండి. మెట్రిక్ పరీక్ష ఫారం నింపేటప్పుడు మరొకసారి సరిచూడండి. ఆ తరువాత మార్చడం చాలా కష్టం.

రెండవ చిక్కు కుల ధ్రువపత్రం. షెడ్యూల్డ్ కులాల జాబితాను రాష్ట్రపతి 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డ్ తెగల జాబితాను సెప్టెంబరు 6న ప్రకటించారు. ఈ జాబితాలు రాష్ట్రానికొకటి వేరుగా ఉంటాయి. కుటుంబం ఆ తేదీలకు ఏ రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్నదో ఆ రాష్ట్రపు జాబితాయే వర్తిస్తుంది. తెనాలిలో పుట్టి బొంబాయిలో వైద్యవిద్యకు దరఖాస్తు చేసిన మర్రి చంద్రశేఖరరావు కేసులో, ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ ఇవ్వదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. అంటే తాత 1950కి ముందే బరంపురంలో ఉంటే మీరు ఒడిశావారే. 1950 తరువాత ఇచ్ఛాపురం నుంచో, పాలకొండ నుంచో వచ్చి ఉంటే, తండ్రికి అక్కడ ఇచ్చిన పత్రం చూపి ఇక్కడ పత్రం పొందవచ్చు గాని, రాష్ట్ర రిజర్వేషన్ మాత్రం కుటుంబపు మూల రాష్ట్రంలోనే, దానితోపాటు కేంద్ర ప్రభుత్వ సంస్థలలోనే దొరుకుతుంది. మూడు తరాల కాగితం అక్కరకు వచ్చేది ఇక్కడే. తాత పేరిట ఉన్న పాత పట్టా, పన్ను రసీదు, బడి రిజిస్టరు నకలు, ఏది దొరికినా భద్రపరచండి. తహసిల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్‌కు కూడా అవి పనికివస్తాయి.

వెనుకబడిన తరగతులవారు క్రీమీలేయర్ (వారిలో మెరుగైన స్థితిలో ఉన్నవారికి రిజర్వేషన్ వర్తించదనే నిబంధన) అనగానే భయపడి ఆగిపోతున్నారు. ఏడాదికి ఎనిమిది లక్షల ఆదాయ పరిమితిని లెక్కించేటప్పుడు కేంద్ర నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. వారి ఉద్యోగపు హోదాకు వేరే పరీక్ష ఉంటుంది. ఆర్థికంగా బలహీన వర్గాల పత్రానికి మాత్రం ఇందుకు భిన్నంగా కుటుంబానికి వచ్చే అన్ని ఆదాయాలూ లెక్కకు వస్తాయి, ఐదెకరాలు లేదా అంతకు మించి సాగుభూమి ఉంటే ఆ పత్రం రాదు.

భాష విషయానికి వద్దాము. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడవ తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత సాధారణంగా అవసరం. దానిని ఇక్కడ ఎం.ఇ. స్టాండర్డ్ ఒడియా అంటారు. పిల్లలను మొదటినుంచి ఇంగ్లీషు బడిలోనో, సరిహద్దు అవతలి తెలుగు బడిలోనో చదివించి, ఇరవై రెండేళ్ల వయసులో ఈ నిబంధన చూసి తల పట్టుకున్న తల్లిదండ్రులను నేను ఎరుగుదును. ఒడియాను ఏడవ తరగతి వరకైనా ఒక సబ్జెక్టుగా ఉంచండి. అలాగని తెలుగును ఇంటినుంచి వెళ్లగొట్టనక్కరలేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వారికి చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. ఆయన తిరిగిన వీధులలో మన పిల్లలు తెలుగు చదవలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇంటర్ కోసం విశాఖ పంపే ముందు ఒక్క లెక్క వేసుకోండి. ఆంధ్రలో స్థానిక అభ్యర్థిగా గుర్తింపు పొందడానికి సాధారణంగా వరుసగా నాలుగేళ్ల చదువు చూస్తారు, కనుక రెండేళ్ల ఇంటర్ సరిపోదు. ఒడిశా కోటా చేజారకుండా రెసిడెంట్ సర్టిఫికెట్ ముందే తీసి ఉంచండి. నీట్ తెలుగులో రాయదలచినవారు పరీక్షా కేంద్రాన్ని తెలుగు రాష్ట్రాలలోనే ఎంచుకోవాలి, ఎందుకంటే ఒడిశా కేంద్రాలలో ఇంగ్లీషు, హిందీలతోపాటు దొరికేది ఒడియా ప్రశ్నపత్రం.

చివరిగా ఆడపిల్లల మాట. ఈ ప్రాంతంలో సంబంధాలు సరిహద్దుకు రెండువైపులా కలుస్తాయి. పర్లాకిమిడి అమ్మాయి పాతపట్నం కోడలవుతుంది, సోంపేట అమ్మాయి బరంపురం వస్తుంది. పెళ్లితో కులం మారదు. కుల ధ్రువపత్రం భర్తవైపు నుంచి కాక సాధారణంగా తండ్రివైపు నుంచే రావాలి. పెళ్లయ్యాక ఉద్యోగానికి దరఖాస్తు చేయబోయి, పుట్టింటి కాగితాల కోసం నెలల తరబడి ఎదురుచూసి, ఆఖరికి మానుకున్న కోడళ్లు చాలామంది ఉన్నారు. మా చెల్లెలిని పాతపట్నం పంపినప్పుడు నాన్నగారి కుల పత్రం, ఆమె పుట్టిన తేదీ పత్రం, మెట్రిక్ సర్టిఫికెట్, తాతగారి పట్టా నకలు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి, సారె పెట్టెలో పట్టుచీర మడతకింద పెట్టి పంపాము.