కారు డోర్ లైట్ గ్లాసు పగిలితే కొత్తది మనమే చేసుకోవచ్చు

డోర్ తెరవగానే కింద వెలిగే చిన్న లైటు మీద ప్లాస్టిక్ గ్లాసు ఉంటుంది కదా, అది పగిలితే చాలామంది టేపు అతికించి వదిలేస్తారు. బండి పాతదైతే ఆ ముక్క ఒక్కటే విడిగా దొరకదు, మొత్తం సెట్టు కొనమంటారు. అంత ఖర్చు అక్కర్లేదు. హన్మకొండ, కాజీపేట వైపు అక్రిలిక్ (గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్ షీటు) అక్షరాలతో సైన్ బోర్డులు చేసే షాపులో అడిగి చూడండి, కోసిన తర్వాత మిగిలిన ముక్కలు ఉంటాయి, మనకు అరచేయంత ముక్క చాలు.

ముందుగా ఒక మాట, పగిలిన గ్లాసును మాత్రం పారేయొద్దు. అద్దంలా కనిపించే భాగం చేయడం తేలికే, అసలు కష్టమంతా దాన్ని డోర్‌లో పట్టి ఉంచే లాకులతోనే. అక్రిలిక్‌తో సన్నని లాకు చేస్తే రెండోసారి నొక్కేసరికి పుటుక్కున విరుగుతుంది. అందుకే పాతదాని అంచు, లాకులు బాగుంటే వాటిని ఉంచుకుని మధ్యభాగం మాత్రమే కోసి తీసేయండి, కొత్త ముక్క అందులో కూర్చుంటుంది.

గ్లాసు తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనకు టేపు చుట్టి, లాకు ఉన్న వైపు నుంచి మెల్లగా లేపండి. లైటు ఫ్యూజు ముందే తీసి పెట్టుకుంటే మంచిది, లోపల రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే ఫ్యూజు పోతుంది.

షీటు 2 ఎం.ఎం. మందం సరిపోతుంది. మధ్యభాగం కోసేసిన పాత అంచును అట్టమీద పెట్టి లోపలివైపు గీత గీసి, ఆ అట్ట కత్తిరించి అంచులో పెట్టి చూసుకున్నాకే షీటు ముట్టుకోండి. తిన్నని అంచులైతే విరిగిన ఆక్సా బ్లేడు మొనతో ఒకే గీత మీద పదిసార్లు లోతుగా గీకి, టేబుల్ అంచున పెట్టి నొక్కితే శుభ్రంగా విడిపోతుంది. మూలల్లో వంపును ఆకురాయితో రుద్ది తెచ్చుకోవాలి. లేజర్ కటింగ్ ఉన్న షాపైతే ఇంకా సుఖం, కానీ లేజర్‌తో కోసిన అంచును స్పిరిట్‌తో గానీ థిన్నర్‌తో గానీ తుడవొద్దు, వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు చాలు.

గ్లాసుకూ డోర్‌కూ మధ్య చుట్టూ అర ఎం.ఎం. ఖాళీ తప్పకుండా వదలండి. మన ఎండలకు మూసి ఉంచిన బండి లోపల ఎంత కాగిపోతుందో తెలిసిందే, వేడికి అక్రిలిక్ సాగుతుంది, జాగా లేకపోతే ఉబ్బి లాకులను విరగ్గొడుతుంది. బల్బు సంగతి కూడా చూసుకోండి. పాత 5 వాట్ల బల్బు గ్లాసుకు బాగా దగ్గరగా ఉండి, డోర్ చాలాసేపు తెరిచే ఉంటే అక్రిలిక్ మెత్తబడవచ్చు, అది సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడే సరుకు. 12 వోల్టుల ఎల్ఈడీ పెట్టేస్తే ఆ టెన్షన్ ఉండదు.

పారదర్శకమైన షీటును ఉన్నదున్నట్టు పెడితే లోపలి బల్బు చుక్కలా కనిపించి కళ్లలో పొడుస్తుంది. లోపలి వైపు 400 నంబరు వాటర్ పేపర్‌ను (తడిపి వాడే గరుకు కాగితం) నీళ్లలో తడిపి గుండ్రంగా తిప్పుతూ రుద్దండి, వెలుగు సమంగా పరుచుకుంటుంది. బయటి వైపు నున్నగానే ఉండాలి, లేకపోతే మేడారం జాతరకు ఒక్కసారి వెళ్లొచ్చేసరికి దుమ్మంతా అందులోనే పట్టుకుంటుంది.

అతికించడానికి ఫెవిక్విక్ లాంటివి వద్దు, ఆరేటప్పుడు ఆవిరి పట్టి చుట్టూ తెల్లగా మసకబారుతుంది. సైన్ బోర్డుల వాళ్లు వాడే క్లోరోఫామ్ మంచిది. రెండు ముక్కలను కదలకుండా ఆనించి సిరంజీతో అంచున ఒక చుక్క వేయండి, సన్నని సందులోకి దానంతట అదే పాకుతూ పోతుంది, మసక గీత పారదర్శకంగా మారడం కళ్లముందే కనిపిస్తుంది. ఒక రోజు ఆరనివ్వండి. దాని ఆవిరి ప్రమాదకరం, ఆరుబయట గాలి తగిలేచోటే చేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. పాత గ్లాసు మైనంలా జారుతూ గోటితో గీస్తే గీత పడే రకమైతే ఏ గమ్మూ నిలవదు, అప్పుడు అంచున రెండు చిన్న స్క్రూలు బిగించడమే దారి.

డోర్ వెనక అంచున ఎర్ర గ్లాసు ఉంటే ఎర్ర అక్రిలిక్కే వేయండి. డోర్ తెరిచి ఉందని వెనకనుంచి వచ్చే బండివాడికి చీకట్లో చెప్పేది అదే, అందం కోసం తెల్లదో నీలందో పెట్టడం నాకు అసలు నచ్చదు.

రెండో వైపు డోర్‌కు కూడా చేస్తుంటే, రుద్దడానికి ముందే అట్టను తిరగేసి గీసుకోండి, ఎడమ కుడి గ్లాసులు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి.