బీపీ, షుగరు మాత్రలు వాడుతున్నవారికి గౌట్ నొప్పి వస్తే: ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, దాని స్ఫటికాలు కీళ్ళలో చేరడం వల్ల వచ్చే గౌట్ నొప్పి చాలామందికి నడిరాత్రి దాటాక మొదలవుతుంది. సాయంత్రం బీచ్ రోడ్డులో మామూలుగా నడిచి వచ్చిన మనిషి తెల్లవారుజామున రెండు గంటలకు కాలి బొటనవేలి మొదలు ఎర్రబడి, చర్మం నిగనిగలాడేలా వాచిపోయి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక లేచి కూర్చుంటారు. పెదవాల్తేరులోని మా ఇంట్లో నాన్నగారిని నేను అలా మొదటిసారి చూసింది మూడేళ్ళ క్రితం మే నెలలో. రక్తపోటుకు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్, గుండెకు స్టెంట్ వేసినందున ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ ఆయనకు అప్పటికే నడుస్తున్నాయి. తెల్లవారగానే నేను మందుల షాపుకు వెళ్ళి కాలినొప్పికి మాత్ర అడిగితే ఎసిక్లోఫెనాక్ ఇచ్చారు. ఇంకేం మందులు వాడుతున్నారని వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు రోజుల్లో నొప్పి తగ్గింది కాని, కాళ్ళకు నీరు చేరి, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి, ఆయనను ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది.

ఇది ఎలా జరిగిందో తెలిస్తే మళ్ళీ జరగకుండా చూసుకోవచ్చు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి రక్తపోటు మందులు మూత్రపిండాల్లోని వడపోత గదుల నుంచి రక్తం బయటికి వెళ్ళే నాళాన్ని వదులు చేస్తాయి. హైడ్రోక్లోరోథయజైడ్ వంటి, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ వంటి నొప్పి మాత్రలు ఆ గదుల్లోకి రక్తం వచ్చే నాళాన్ని బిగిస్తాయి. ఈ మూడూ ఒకేసారి పడితే వడపోతకు కావలసిన ఒత్తిడే మిగలదు. దీనికి విశాఖ ఎండాకాలపు ఉక్కపోత, బనియను పిండితే నీరు కారేంత చెమట తోడైతే చెప్పనక్కరలేదు. పైగా రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారిలో ఈ నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావానికి దారితీయవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారికైతే ఇవి అసలే పనికిరావు.

అందువల్ల మొదటి పని నొప్పి లేని రోజునే చేయాలి. వాడుతున్న ప్రతి మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ, చివరిసారి చేయించిన క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ ఫలితాలు ఒక కాగితం మీద రాసి డాక్టరుగారి ముందు పెట్టి, "రాత్రివేళ నొప్పి మొదలైతే ఏది వేయమంటారు, ఎంత వేయమంటారు, ఏది ముట్టుకోవద్దంటారు?" అని అడిగి, ఆ జవాబును అదే కాగితం కింద రాయించుకోవాలి. మా ఇంట్లో ఆ కాగితం బీరువా తలుపు లోపల అంటించి ఉంది, దాని నకలు నాన్నగారి చొక్కా జేబులో ఉంటుంది.

ఆ జవాబు సాధారణంగా గౌట్ వాపును తగ్గించే కోల్చిసిన్ గాని, కొద్ది రోజుల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గాని అవుతుంది. కోల్చిసిన్ నొప్పి మొదలైన తొలి గంటల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి డాక్టరుగారు ఆ మందు రాస్తే ఇంట్లో సిద్ధంగా ఉండాలి. పూర్వం విరేచనాలు పట్టుకునేదాకా గంటగంటకూ ఇచ్చేవారు. తక్కువ మోతాదు కూడా అంతే పనిచేస్తుందని తేలాక ఆ పద్ధతి పోయింది. మన దగ్గర దొరికేది ఎక్కువగా 0.5 మిల్లీగ్రాముల మాత్ర. మూత్రపిండాలు బలహీనమైతే మోతాదు ఇంకా తగ్గించాలి. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్, వెరాపమిల్, డిల్టియాజెమ్ వంటివి ఒంట్లో కోల్చిసిన్ పేరుకునేలా చేసి ప్రాణం మీదికి తేగలవు, కనుక జలుబుకో దగ్గుకో యాంటీబయాటిక్ రాసే డాక్టరుగారికి కూడా కోల్చిసిన్ సంగతి చెప్పాలి. అటోర్వాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మాత్రతో కలిసినప్పుడు తొడలు, భుజాలు నీరసించి మెట్లెక్కడం కష్టమైతే వెంటనే తెలియజేయాలి.

ప్రెడ్నిసొలోన్ షుగరును పెంచుతుంది. ఉదయం వేసుకున్న మాత్ర ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి పరగడుపు పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. నాన్నగారికి ఆ అయిదు రోజులూ సాయంత్రం కాఫీకి ముందు గ్లూకోమీటరుతో చూసి రాసుకునేవాళ్ళం.

యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ గాని ఫెబుక్సోస్టాట్ గాని ఇప్పటికే వాడుతున్నవారు నొప్పి వచ్చిందని దాన్ని ఆపకూడదు. ఈ పొరపాటు నేను చాలా ఇళ్ళలో చూశాను. ఆ మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో పాత స్ఫటికాలు కరుగుతూ నొప్పి రావడం మామూలే. అందుకే అల్లోప్యూరినాల్‌ను 100 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువతో ప్రారంభించి మెల్లగా పెంచుతారు, మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కోల్చిసిన్ తోడు ఇస్తారు. అయితే అల్లోప్యూరినాల్ వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు గాని, నోట్లో పుండ్లు గాని వస్తే అదే క్షణం ఆపి డాక్టరుగారి వద్దకు వెళ్ళాలి. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ వాడేవారు అల్లోప్యూరినాల్‌ను గాని ఫెబుక్సోస్టాట్‌ను గాని డాక్టరుకు తెలియకుండా ముట్టుకోకూడదు.

మూత్రం పోయేలా చేసే మాత్రలు, చిన్న మోతాదు ఆస్పిరిన్, క్షయకు ఇచ్చే పైరజినమైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. అలాగని మనంతట మనం మానడం మహా ప్రమాదం. స్టెంట్ ఉన్నవారు ఆస్పిరిన్ ఆపకూడదు. రక్తపోటు మాత్రను మార్చే వీలుందా అని మాత్రం అడగవచ్చు. లోసార్టాన్ యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గిస్తుంది.

నొప్పి ఉన్నప్పుడు కాలును దిండు మీద ఎత్తుగా ఉంచి, మంచు ముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి చర్మం కందిపోకుండా ఇంట్లోవారే చూసుకోవాలి. కాపడం, నూనె మర్దన వద్దు. నీళ్ళు బాగా తాగాలి, కాని గుండె, మూత్రపిండాల జబ్బుతో నీటిని కొలిచి తాగమన్నవారు ఆ కొలతే పాటించాలి.

తిండి గురించి ఒక మాట. కవళ్ళు, నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, మేక కార్జం, బీరు, తీపి కూల్ డ్రింకులు నొప్పిని రేపగలవు. పప్పు మానేయాలనేది మాత్రం నిజం కాదు. కందిపప్పు, పెరుగు నిస్సంకోచంగా తినవచ్చు.

జ్వరం, చలి, ఒణుకు ఉన్నా, పాదంపై పుండున్నా, వాపు మోకాలికి వచ్చి కదపలేకపోయినా దాన్ని గౌట్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. కీలులో చీము పట్టినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. రాత్రయినా సరే కింగ్ జార్జ్ ఆస్పత్రి క్యాజువాలిటీకో, దగ్గరలోని మరో ఆస్పత్రికో వెళ్ళాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ పరీక్షలో మామూలుగానే రావచ్చు. అందుకని నొప్పి తగ్గిన రెండు వారాలకు మళ్ళీ చేయించాలి. చేరవలసిన అంకె డెసిలీటరు రక్తానికి 6 మిల్లీగ్రాముల లోపు. నాన్నగారికి అది 5.4 వచ్చిన రోజు బీరువా తలుపు మీది కాగితం తీసి, డాక్టరుగారు మాన్పించిన హైడ్రోక్లోరోథయజైడ్ పేరు కొట్టేసి, కొత్త మాత్రలతో తిరిగి రాసి అంటించాను.