పాడుబడ్డ షాపింగ్ సెంటర్ కొని సిటీని టిఫ్ డబ్బు అడగాలంటే

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు పదిమంది ఒకచోట చేరితే రెండే కబుర్లు. ఒకటి వీసా. రెండోది, ఫలానా ఊళ్లో పాత షాపింగ్ సెంటర్ అమ్మకానికొచ్చింది, తలా లక్ష డాలర్లు వేసుకుని ఎల్‌ఎల్‌సీ, అంటే ఒక చిన్న కంపెనీ, పెడదాం అని. ఆ రెండో కబుర్లో ఎవరో ఒకరు "టిఫ్ వస్తుందంట, సగం ఖర్చు సిటీయే పెట్టుకుంటుంది" అనకుండా ఉండరు. నేనూ ఆ మాట నమ్మి ఒకసారి చెక్కు రాసినవాణ్ణే, అందుకే ఇది రాస్తున్నా. ఎక్కువగా టెక్సాస్ లెక్కలే చెప్తాను, మిగతా రాష్ట్రాల సంగతి అవసరమైన చోట వస్తుంది.

ముందు ఒక విషయం బుర్రకెక్కాలి. టిఫ్, అంటే టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్‌లో, సిటీ తన జేబులోంచి డబ్బు తీసి ఇవ్వదు. మీరు బాగుచేశాక ఆ స్థలం విలువ పెరుగుతుంది కదా, ఆ పెరిగిన విలువ మీద మీరు రేపు కట్టబోయే ప్రాపర్టీ టాక్స్‌నే పక్కన పెట్టి, కొన్నేళ్ల పాటు ఆ ప్రాజెక్టు ఖర్చులకు వాడతారు. 1952లో కాలిఫోర్నియాలో మొదలైంది ఈ పద్ధతి, ఇప్పుడు అరిజోనా తప్ప దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. మొదలుపెట్టిన కాలిఫోర్నియానే 2012లో తన రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలన్నిటినీ మూసేసింది, అది వేరే కథ. టెక్సాస్‌లో ఇలాంటి జోన్‌ని టర్జ్ అంటారు, టాక్స్ కోడ్‌లో 311వ అధ్యాయం.

ఊహకి ఒక లెక్క వేద్దాం. పాత సెంటర్ అప్రైజల్, అంటే పన్ను కోసం కట్టిన విలువ, 20 లక్షల డాలర్లు. మీరు కట్టింది కట్టాక 1 కోటీ 20 లక్షలు అయింది. పెరిగింది కోటి. అన్ని పన్నులూ కలిపి వంద డాలర్ల విలువకి 2 డాలర్లు అనుకుంటే ఏటా 2 లక్షలు. వాట్సాప్ గ్రూపులో తిరిగే ఎక్సెల్ షీట్‌లో ఈ 2 లక్షలే ఉంటుంది, ఇరవై ఏళ్లకి 40 లక్షలు అని ఎర్ర అక్షరాల్లో. అసలు సంగతి ఏమిటంటే, ఆ 2 డాలర్లలో పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, కొత్త టర్జ్‌లలో వాళ్లు సాధారణంగా చేరరు. కౌంటీ చేరొచ్చు, చేరకపోవచ్చు, చేరినా సగమే ఇస్తామనొచ్చు. సిటీ వాటా వందకి 50 సెంట్లు అనుకుంటే మీ చేతికొచ్చేది ఏటా 50 వేలు. ఇరవై ఏళ్లకి 10 లక్షలు, దాన్ని 8 శాతం వడ్డీతో ఈ రోజు విలువకి తెస్తే 5 లక్షలు కూడా లేదు. పైగా కట్టడం జరుగుతున్న మొదటి ఒకటి రెండేళ్లు పెద్దగా ఏమీ రాదు. బ్యాంకు ఏమో ఈ రోజే మీ వాటా ఎంత అని అడుగుతుంది.

కాబట్టి జోన్ ప్రకటించారనగానే స్వీట్లు పంచుకోవద్దు. నార్త్ డాలస్‌లో వ్యాలీ వ్యూ మాల్ చూడండి. 1973లో తెరిచారు, ఒకప్పుడు శనివారం పార్కింగ్ దొరికేది కాదు. 2014లో సిటీ ఆ ప్రాంతమంతా కలిపి టిఫ్ డిస్ట్రిక్ట్ పెట్టింది, పెద్ద పెద్ద బొమ్మలు గీశారు, 2017లో కూల్చడం మొదలైంది, పాత భవనం మాత్రం 2023లో గానీ పూర్తిగా నేలమట్టం కాలేదు. ఏమీ కట్టని స్థలం మీద విలువ పెరగదు, విలువ పెరగకపోతే పక్కన పెట్టడానికి పన్నే ఉండదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక ఎలా అడగాలో చెప్తాను. స్థలం కొనేముందే అడగాలి. మేం చేసిన తప్పు అదే. రిజిస్ట్రేషన్ అయిపోయాక, పాత సైన్‌బోర్డు పీకేశాక, పైకప్పు రిపేరుకి కాంట్రాక్టర్‌తో సంతకాలు అయ్యాక అప్పుడు సిటీ ఆఫీసుకి వెళ్లాం. అక్కడావిడ మా ఫైల్ అంతా ఓపిగ్గా చూసి ఒకే ప్రశ్న వేసింది, "మేం ఏమీ ఇవ్వకపోతే మీరు పని ఆపేస్తారా?" మాలో ఒకాయన ఛాతీ విరిచి "ఎందుకాపుతాం, మా దగ్గర డబ్బుంది" అన్నాడు. అంతే, మీటింగ్ అక్కడే అయిపోయింది. దీన్నే "బట్ ఫర్" పరీక్ష అంటారు, ఈ సాయం లేకపోతే ఈ ప్రాజెక్టు జరిగేది కాదు అని చూపించడం. కొన్ని రాష్ట్రాల్లో ఇది చట్టంలోనే ఉంది. లేని చోట కూడా సిటీ వాళ్లు అడిగేది ఇదే. ఒప్పందానికి ముందు పెట్టిన ఖర్చు చాలా చోట్ల వెనక్కి ఇవ్వరు కూడా. అందుకని అమ్మేవాడితో కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ఫీజిబిలిటీ గడువు, అంటే కొనాలా వద్దా అని పరిశీలించుకునే సమయం, పొడుగ్గా పెట్టుకోండి, సిటీ ఆమోదం రాకపోతే అడ్వాన్సు వెనక్కొచ్చేలా ఒక క్లాజు రాయించండి, ఆ తర్వాత సిటీ ఎకనామిక్ డెవలప్‌మెంట్ వాళ్లతో అపాయింట్‌మెంట్ తీసుకోండి.

జోన్ చేయడానికి ఆ స్థలం బ్లైట్, అంటే పాడుబడి ఊరికి భారంగా మారిందని, చూపించాలి. అది నిరూపించడం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇల్లినాయ్‌లో కట్టడాలున్న స్థలానికి చట్టం చెప్పిన 13 లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, కొలరాడోలో 11లో నాలుగు. శిథిలమైన గోడలు, పాత డ్రైనేజీ, కాలుష్యం, ఖాళీగా పడి ఉన్న షాపులు, ఇలాంటివి కన్సల్టెంట్ తిరిగి ఫోటోలతో రిపోర్టు రాస్తాడు. టెక్సాస్‌లో ఇంకో దారి ఉంది, జోన్‌లో అప్రైజల్ విలువలో సగానికి తక్కువ కాకుండా ఉన్న ఓనర్లు పిటిషన్ పెట్టినా సిటీ జోన్ చేయొచ్చు. పక్కవాడి దుకాణం నడుస్తుంటే దాన్ని బ్లైట్ కింద కలుపుతానంటే మాత్రం గొడవే, ప్రైవేటు అభివృద్ధి కోసం ఒకరి ఆస్తిని సిటీ లాక్కోవచ్చన్న 2005 నాటి సుప్రీంకోర్టు కీలో తీర్పు తర్వాత ఈ దేశంలో ఆ మాట వింటేనే జనం భగ్గుమంటారు. మీ హద్దుల్లోనే ఉండండి.

టెక్సాస్‌లో తేదీ గురించి ఒక కిటుకు. జోన్ ఏ సంవత్సరంలో ప్రకటిస్తే ఆ సంవత్సరపు అప్రైజలే, అంటే ఆ జనవరి 1 నాటి విలువే, పెరుగుదల కొలిచే బేస్ అవుతుంది. మీరు కొన్న ధర చూసి అప్రైజల్ డిస్ట్రిక్ట్ విలువ పెంచిన తర్వాతి ఏడాదిలో జోన్ వస్తే, ఆ పెంపు అంతా బేస్‌లో కలిసిపోతుంది, మీకు దాని మీద పైసా రాదు. డిసెంబర్ ఓటింగ్‌కీ జనవరి ఓటింగ్‌కీ అంత తేడా.

సిటీకి ఇచ్చే ఫైల్లో ప్రాణం రెండు పేజీల్లో ఉంటుంది. ఒకటి, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఖర్చవుతుంది. రెండోది, సాయం లేకుండా మీకొచ్చే రాబడి, సాయంతో వచ్చే రాబడి. లేకుండా 4 శాతం, ఉంటే 8 శాతం అని చూపిస్తే మాట్లాడతారు. సాయంతో 18 శాతం అని చూపిస్తే నవ్వి పంపిస్తారు. స్థలం ధర ఎక్కువ పెట్టి కొని ఆ బరువు గ్యాప్‌లో, అంటే సిటీ పూడ్చాల్సిన లోటులో, చూపించడం మనవాళ్లు తెలివి అనుకుంటారు గానీ, సిటీ పెట్టుకునే కన్సల్టెంట్ మొదట పట్టుకునేది అదే, ఆ కన్సల్టెంట్ ఫీజు కూడా చాలా చోట్ల మీరే కట్టాలి. అడిగే ఖర్చులు కూల్చివేత, మురుగునీటి లైన్లు, వరద కాలువ, రోడ్డు, కాలుష్యం శుభ్రం చేయడం, పార్కింగ్ లాంటివైతే బాగుంటుంది. ప్లేనోలో 1981లో తెరిచి 2019లో మూసేసిన కాలిన్ క్రీక్ మాల్ విషయంలో సిటీ డబ్బు మాట వచ్చింది భూగర్భ పార్కింగ్ లాంటి వాటికే. మీ రెస్టారెంట్ లోపలి షాండ్లియర్‌కి ఎవరూ ఇవ్వరు.

కాలుష్యం అన్నాను కదా, దాని గురించి ఆగి చెప్పాలి. పాత స్ట్రిప్ మాల్‌లో మీరు ముందు వెతకాల్సింది ఖాళీ షాపు కాదు, పాత డ్రై క్లీనర్ షాపు. మేం చూసిన ఒక సెంటర్లో అది నెయిల్ సెలూన్‌గా మారి పదేళ్లయింది, ఎవరికీ గుర్తు లేదు. వెనక గదిలో మిషన్ ఉన్న చోట కాంక్రీట్ మీద గుండ్రటి మరక, దాని పక్కనే నేలలో చిన్న డ్రెయిన్. ఆ డ్రెయిన్‌లోంచి ఏళ్ల తరబడి డ్రై క్లీనింగ్‌లో వాడే పెర్క్ అనే ద్రావకం మట్టిలోకి దిగి ఉండొచ్చు, అది భూగర్భ జలం దాకా వెళ్తే శుభ్రం చేసే ఖర్చు మీ మొత్తం లాభాన్ని మింగేస్తుంది. కొనేముందు ఫేజ్ వన్ రిపోర్టు, అంటే స్థలంలో కాలుష్యం ఉండే అవకాశం ఉందా అని చూసే మొదటి పరిశీలన, చేయించడం ఫార్మాలిటీ కాదు, కొన్నాక పాత కాలుష్యానికి ఫెడరల్ చట్టం కింద మీ మీద బాధ్యత పడకుండా కాపాడే కాగితాల్లో మొదటిది అదే. అది కొనుగోలుకి ముందు ఏడాదిలోపు చేసినదై ఉండాలి, అందులో కొన్ని భాగాలు 180 రోజుల లోపువి కావాలి. డీల్ సాగి సాగి ఎనిమిది నెలలైతే మళ్లీ అప్‌డేట్ చేయించండి. కలుషిత స్థలాలు బాగుచేయడానికి ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే బ్రౌన్‌ఫీల్డ్ గ్రాంట్లు మీలాంటి ప్రైవేటు కంపెనీకి నేరుగా రావు, సిటీ గానీ నాన్‌ప్రాఫిట్ గానీ అప్లై చేయాలి, కాబట్టి మొదటి మీటింగ్‌లోనే ఆ మాట కదపండి.

సేల్స్ టాక్స్ దారి కూడా ఉంది. టెక్సాస్‌లో 380 ఒప్పందం అంటారు, సిటీ తనకొచ్చే అమ్మకం పన్నులో కొంత మీకు వెనక్కి ఇస్తుంది. రాష్ట్రానిది 6.25 శాతం, స్థానికంగా 2 శాతం దాకా, అందులో సిటీ సొంత ఖాతాకి సాధారణంగా 1 శాతం. ఇక్కడ మనవాళ్లు పప్పులో కాలేసేది ఇండియన్ గ్రోసరీ విషయంలో. ఏటా 60 లక్షల డాలర్ల అమ్మకం ఉంది, ఒక శాతం అంటే 60 వేలు అని లెక్క వేస్తారు. కందిపప్పు, సోనా మసూరి బియ్యం, ఆవకాయ జాడీ, వీటి మీద టెక్సాస్‌లో సేల్స్ టాక్సే లేదు. పన్ను పడేది అగరబత్తీలకీ స్టీలు గిన్నెలకీ. పక్కనున్న బిర్యానీ హోటల్ 30 లక్షలు అమ్మితే దాదాపు అంతా పన్ను పడే అమ్మకమే, సిటీ వాటా 30 వేలు, సగం ఇస్తే మీకు 15 వేలు. అంటే జనాన్ని లాక్కొచ్చేది గ్రోసరీ అయినా, పన్ను తెచ్చేది బిర్యానీ. కిరాయిదార్ల జాబితా రాసేటప్పుడు ఈ లెక్క కూడా వేయండి. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో 2001లో మూతపడ్డ విల్లా ఇటాలియా మాల్‌ని బెల్మార్ అనే ఊరి నడిబొడ్డుగా మార్చినప్పుడు టిఫ్‌తో పాటు కొనుగోలుదార్ల బిల్లు మీద అదనపు ఫీజు కూడా వేశారు. అలాంటిది పెడితే మీ షాపులవాళ్లు ఒప్పుకుంటారా అని ముందే అడగండి, బిల్లు చూసి చిరాకుపడే కస్టమర్ తగువు పెట్టుకునేది మీతో కాదు, కౌంటర్ దగ్గర కుర్రాడితో.

కౌన్సిల్ ఓటింగ్ రోజు రాత్రి లాయర్‌ని ఒక్కణ్ణే పంపకండి. మీరు వెళ్లండి. పబ్లిక్ హియరింగ్‌లో మైకు దగ్గరికొచ్చి "మా స్కూల్ డబ్బు బిల్డర్లకి ఎందుకిస్తున్నారు" అని అడిగే పెద్దాయన ఒకరు కచ్చితంగా ఉంటారు, ఆయన ప్రశ్న న్యాయమైనదే. స్కూల్ వాటా ఇందులో లేదైతే ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పండి. ఉంటే దాచకండి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లని హియరింగ్‌కి నెల ముందే పిలిచి మాట్లాడితే సగం కోపం అక్కడే పోతుంది.

ఒప్పందం చేతికొచ్చాక అంకె కంటే షరతులు జాగ్రత్తగా చదవండి. మీరు ముందు ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తే పన్ను వచ్చే కొద్దీ ఇచ్చే పద్ధతే చిన్న ప్రాజెక్టులకి ఎక్కువ. ముందే బాండ్లు అమ్మి డబ్బు చేతిలో పెట్టే రోజులు మనకి కావు. గడువు దాటితే ఒప్పందం రద్దవుతుందా, తర్వాత ఆస్తి అమ్మితే కొన్నవాడికి ఆ హక్కు బదిలీ అవుతుందా, ఉద్యోగాల సంఖ్య తగ్గితే ఇచ్చింది వెనక్కి లాక్కుంటారా, ఇవి చూడండి.

ఇంకోటి, మీ సీపీఏకి ముందే చెప్పండి. 2017 చివర్లో వచ్చిన చట్టం తర్వాత, సిటీ నుంచి కంపెనీకి వచ్చే ఇలాంటి డబ్బుని మూలధనం అని చెప్పి పన్ను తప్పించుకోవడం పోయింది. చాలా సందర్భాల్లో అది ఆదాయమే, దాని మీద పన్ను కట్టాలి. మా గ్రూపులో ఈ మాట మొదటిసారి విన్నప్పుడు ఫోన్‌లో అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆపర్చునిటీ జోన్, అంటే గుర్తించిన ప్రాంతాల్లో పెట్టుబడి పెడితే ఫెడరల్ పన్ను రాయితీ, ఉందిగా అంటారు ఎవరో ఒకరు. అది కేపిటల్ గెయిన్స్‌కి మాత్రమే, మీ కంపెనీ ఇచ్చే షేర్లు, ఆర్‌ఎస్‌యూలు, వెస్ట్ అయి మీ సొంతమైనప్పుడు జీతంలో పడే మొత్తానికి వర్తించదు, ఆ షేర్లు తర్వాత అమ్మితే వచ్చిన లాభానికే. పైగా కొత్త మ్యాపు 2027 జనవరి 1 నుంచి అమల్లోకొస్తుంది, మీ స్థలం అందులో ఉందో లేదో చూసుకోకుండా లెక్కలు కట్టకండి.

చివరికి లీజుల దగ్గరికి. సిటీలు చాలాసార్లు మీ ఆస్తి విలువ ఇంతకు తగ్గకూడదని ఒక కనీస అంకె రాయించుకుంటాయి, అప్రైజల్‌ని ప్రొటెస్ట్ చేయనని, అంటే తగ్గించమని అభ్యంతరం పెట్టనని, మీతో సంతకం పెట్టించుకుంటాయి. ప్రతి ఏడాదీ తక్కువ విలువ కోసం ప్రొటెస్ట్ చేసే అలవాటున్న మనకి ఇది వింతగా ఉంటుంది, కానీ విలువ తగ్గితే మీ టిఫే తగ్గుతుంది మరి. చిక్కేమిటంటే, ట్రిపుల్ నెట్ లీజులో, అంటే పన్ను, ఇన్సూరెన్సు, మరమ్మతులు కిరాయిదారే భరించే లీజులో, ఆ కిరాయిదారుకి, మీరు ప్రొటెస్ట్ చేయకపోతే తనే చేసే హక్కు టెక్సాస్ చట్టం ఇస్తుంది. మీరు సిటీకి మాటిస్తారు, మీ బిర్యానీ హోటల్ ఓనర్ మే నెలలో వెళ్లి విలువ తగ్గించమని ఫారం ఇచ్చేస్తాడు. కాబట్టి ఆ కనీస అంకె కిందికి ప్రొటెస్ట్ చేయకూడదని ప్రతి లీజులోనూ రాయించండి, ఏటా జనవరి 31 లోపు పన్ను కట్టిన రసీదు తీసి ఫైల్లో పెట్టండి, ఎందుకంటే సిటీ మీ చెక్కు రాసేముందు మొదట అడిగేది ఆ రసీదే.