మెథడోన్ వాడుతున్న గర్భిణి కాన్పుకు ముందు జాగ్రత్తలు

- మెథడోన్ (హెరాయిన్ లాంటి మత్తు అలవాటుకు చికిత్సగా ఇచ్చే మందు) మీ అంతట మీరు ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు, పాత అలవాటు తిరగబెట్టే ముప్పు.
- చివరి 3 నెలల్లో శరీరం మందును త్వరగా ఖర్చు చేస్తుంది. సాయంత్రానికే చెమటలు, ఆవులింతలు మొదలైతే డాక్టరుకు చెప్పండి. డోసు పెంచుతారు, లేదా రెండు పూటలకు విడదీస్తారు.
- బెంగళూరు నుంచి చిత్తూరుకో అనంతపురానికో పుట్టింటికి వెళ్లేముందు అక్కడ మెథడోన్ దొరుకుతుందో లేదో తేల్చుకోండి. దొరక్కపోతే అమ్మనే ఇక్కడికి పిలిపించుకోవడం మేలు.
- డోసు రాసిన చీటీ కాన్పు ఫైలులో పెట్టించండి. పెంటాజోసిన్, బ్యూటార్ఫనాల్ అనే నొప్పి మందులు ఇవ్వకూడదని అందులోనే రాయించండి. ఇస్తే వెంటనే విత్‌డ్రాయల్ (మత్తుమందు ప్రభావం ఒక్కసారిగా తగ్గి వచ్చే బాధలు) వస్తుంది. రోజువారీ మెథడోన్ పురిటి నొప్పికి చాలదు, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) అడగండి.
- బిడ్డను కనీసం 5 రోజులు ఆస్పత్రిలోనే ఉంచాలి: బిడ్డలో విత్‌డ్రాయల్ లక్షణాలైన వణుకు, కీచు ఏడుపు ఆలస్యంగా మొదలవచ్చు. వేరే మత్తు వాడకపోతే చనుపాలు పట్టండి; హెచ్‌ఐవీ ఉంటే డాక్టరును అడగండి.
- కాన్పయ్యాక తల్లికి మగతగా ఉంటే డోసు తగ్గించాల్సి రావచ్చు.