సినిమా ముగింపు కుదిరిందా లేదా అని వాదించుకోవడం ఎలా?

హన్మకొండలో మా ఇంటి డాబా మీద కొన్నేళ్లుగా నెలకొక ఆదివారం సాయంత్రం ఎనిమిది పది మందిమి కూర్చుని, అప్పటికే అందరమూ చూసిన ఒక సినిమా గురించి మాట్లాడుకుంటున్నాం. కాజీపేట రైల్వే ఉద్యోగులు, కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలు, నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చే ఒక పెద్దాయన, మా వాడకట్టు వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఏ సినిమా తీసుకున్నా మాట క్లైమాక్స్ దగ్గరికే చేరుతుంది. ‘అంత మంచిగనే ఉన్నది గని, ఆఖరుకు గట్లెట్ల ఒడగొట్టిండు?’ అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఆ ప్రశ్న నుంచి లొల్లి కాకుండా చర్చ పుట్టాలంటే ఒక పద్ధతి కావాలని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి కూడిక పెట్టుకోవాలనుకునేవారికి పనికొస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కొన్ని సినిమాల ముగింపులు చెప్పక తప్పదు.

ముందుగా ‘నచ్చలేదు’ అనే మాటను ‘కుదరలేదు’ అనే మాటనుంచి విడదీయండి. నచ్చకపోవడం చూసినవారి మనసుకు సంబంధించినది కనుక దానితో ఎవరూ వాదించలేరు. కుదరకపోవడం కథకు సంబంధించినది కనుక దానికి కథలోంచే సాక్ష్యం చూపించాలి. మొదటిసారి మాట్లాడేవారు ఈ రెంటిలో ఏది చెబుతున్నారో వారినే అడగడం మంచిది. అలాగే ముగియకపోవడం వేరు, తృప్తి లేకపోవడం వేరు. 2015 జూలైలో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప కత్తి దగ్గర ఆగిపోతే, జవాబు కోసం 2017 ఏప్రిల్ దాకా జనం ఎదురుచూశారు. అది కథను సగంలో ఆపడమే తప్ప చెడగొట్టడం కాదు కాబట్టి, అలాంటి సినిమాను రెండు భాగాలూ చూసిన తరువాతే చర్చకు తీసుకోండి.

విషాదంగా ముగిసింది కాబట్టి తృప్తి లేదనే వాదన మా దగ్గర తరచుగా వస్తుంది. అప్పుడు నేను మేడారం కథను గుర్తుచేస్తాను. కాకతీయ సైన్యంతో జరిగిన పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న ప్రాణాలు వదిలారు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది. వెతుకుతూ వెళ్లినవారికి కుంకుమ భరిణె కనిపించింది. ఈ కథ ఓటమితోనే ఒడుస్తుంది. అయినా రెండేళ్లకొకసారి లక్షల మంది బెల్లం ఎత్తుకుని ఆ గద్దెల దగ్గరికి వెళ్తారు, ముగింపు మారితే బాగుండునని ఒక్కరూ అనరు. నేను గమనించమని కోరేది మరొకటి కూడా ఉన్నది. ఈ కథ చివరన మహిమ ఉన్నది గానీ, ఆ మహిమ చనిపోయినవారిని లేపలేదు, యుద్ధాన్ని గెలిపించలేదు, జరిగిన నష్టంలో ఒక్క పూచికపుల్లను కూడా వెనక్కి తేలేదు. కాబట్టి ఒక ముగింపులో అద్భుతం జరిగిందా అని కాకుండా, ఆ అద్భుతం అప్పటిదాకా పాత్రలు పోగొట్టుకున్నదాన్ని తుడిచేసిందా అని అడగాలి. సులువైన ముగింపును పట్టుకోవడానికి నాకు తెలిసిన పరీక్షల్లో ఇదే బలమైనది.

ఆ తరువాత అందరినీ ఇంటర్వెల్ దాకా వెనక్కి తీసుకెళ్లండి. ఆ సమయానికి మనకు ఏమేమి తెలుసు, ఏ ప్రశ్న మనసులో ఉన్నది, ఎవరికి ఏ శక్తి, ఏ బలహీనత ఉన్నదని సినిమా చూపించింది అనేవి ఒక కాగితం మీద రాసుకుని, చివరి అరగంటలో కథను గట్టెక్కించిన ప్రతి సంగతికీ ఆ కాగితంలో మూలం ఉన్నదేమో వెతకాలి. ఇది కొత్త ఆలోచన కాదు. భరతుడి నాట్యశాస్త్రం కథను ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని అయిదు సంధులుగా విడదీసి, మొదట నాటిన బీజమే చివరికి ఫలించాలని చెప్పింది. అదే శాస్త్రం చివరి సంధి అయిన నిర్వహణంలో అద్భుత రసం ఉండాలని కూడా కోరింది. అంటే ప్రేక్షకుడు ఆశ్చర్యపోవాలి, కానీ ఆ ఆశ్చర్యానికి విత్తనం ముందే భూమిలో ఉండాలి. గ్రీకు నాటకాల్లో దేవతను యంత్రంతో రంగం మీదికి దించి చిక్కుముడి విప్పడాన్ని అరిస్టాటిల్ ఒప్పుకోకపోవడానికి కారణమూ దాదాపు ఇదే: ముడి కథలోనిదైతే విప్పడం కూడా కథలోంచే రావాలి. మన సినిమాల్లో ఆ యంత్రం పని చాలాకాలం పోలీసు జీపు చేసింది.

యాదృచ్ఛికంగా జరిగే సంఘటనల విషయంలో ఒక తేడా పాటించాలి. హీరో హీరోయిన్లు ఒకే రైలెక్కడం వంటి సంఘటన కథను మొదలుపెడితే ఎవరమూ అభ్యంతరం చెప్పం, ఎందుకంటే అలాంటిది జరగకపోతే కథే లేదు. మనుషులను కష్టంలోకి నెట్టే యాదృచ్ఛికాన్ని కూడా సహిస్తాం. కష్టంలోంచి బయటికి లాగే యాదృచ్ఛికం దగ్గరే మోసపోయినట్టు అనిపిస్తుంది.

దాచిపెట్టిన సంగతిని చివర్లో బయటపెట్టే సినిమాల దగ్గర చర్చ ఎక్కువసేపు నిలవాలి. మేము ఇందుకోసం రెండు సినిమాలను పక్కపక్కన పెట్టుకున్నాం. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ని తీసిన దర్శకుడు మన వరంగల్‌లోనే పుట్టినవాడు కనుక ఆ సాయంత్రం అభిమానం, వాదన రెండూ ఎక్కువగానే వచ్చాయి. అందులో అర్జున్ ప్రేమించిన ప్రీతి, మరొకరితో పెళ్లయ్యాక గర్భవతిగా కనిపించిన తరువాత అర్జున్ ఆమెను వెతుక్కుంటూ వెళ్తాడు. తాను పెళ్లయిన కొద్ది రోజులకే భర్తను వదిలేశానని, బిడ్డ అర్జున్‌దేనని ఆమె చెబుతుంది. కథను ముగించే సంగతి మొత్తం మనకు కనిపించని చోట జరిగింది, ఆమె గడిపిన నెలల్లో ఒక్క రోజు కూడా మనం చూడలేదు కనుక ఇది సులువైన ముగింపేనని ఒక పక్షం అన్నది. బిడ్డ తనదని తెలియకముందే అతడు ఆమె దగ్గరికి వెళ్లాడు, నిజమైన మలుపు ఆ వెళ్లడమే, తరువాత తెలిసినది దానికి దక్కిన ఫలం మాత్రమేనని రెండో పక్షం అన్నది. రెండో వాదనలో బలం ఉన్నదని ఒప్పుకుంటూనే నేను మొదటి పక్షాన నిలబడ్డాను, ఎందుకంటే ఆ బిడ్డ మరొకరి బిడ్డ అయి ఉంటే అతని మార్పుకు అసలైన పరీక్ష జరిగేది, ఆ పరీక్షను సినిమా తప్పించింది.

2019 నాటి ‘జెర్సీ’ కూడా చివర్లోనే రహస్యం చెబుతుంది: అందులోని క్రికెట్ ఆటగాడు అర్జున్‌కు గుండె జబ్బు ఉన్నదని, ఆ ఆఖరి ఆట తరువాత రెండు రోజులకే చనిపోయాడని. కానీ అతడు అంత మంచి ఆటను ఉన్నట్టుండి ఎందుకు వదిలేశాడన్న ప్రశ్న చాలా ముందు నుంచి మన మనసులో ఉంటుంది. తండ్రి మీద వచ్చిన పుస్తకం కోసం పెద్దవాడైన కొడుకు రావడం మొదట్లోనే చూస్తాం. రెండు సినిమాల్లోనూ దాచడం ఒకటే, అయితే ఒకదాంట్లో తాళం ఉన్నదని ముందే తెలుసు, మరొకదాంట్లో తాళంచెవి చూపించాకే తాళం ఉన్నదని తెలిసింది. మీ కూడికలో ఇలాంటి జంటను ఎంచుకుంటే ఒంటరి సినిమా మీద గంటసేపు చెప్పినా రాని స్పష్టత పావుగంటలో వస్తుంది.

విషాదం కూడా సులువుగా రావచ్చు. ‘మరోచరిత్ర’ 1978లో వచ్చింది. ఏడాది ఎడబాటు షరతును నిలబెట్టుకున్న ప్రేమికులు కలుసుకోబోయే వేళకే ఇద్దరి మీదా వేర్వేరు మనుషులు దాడి చేస్తారు. మా నర్సంపేట పెద్దాయనకు ఆ సినిమా ప్రాణం. ఆయన మాట జాగ్రత్తగా విన్నాకే, రెండు దాడులూ అదే సమయంలో జరగడం గురించి అడిగాం. దాడి చేసినవారి బుద్ధి ముందే తెలుసు కదా అని ఆయన అన్నారు, అది నిజమే. కారణం ముందే నాటినా, సమయం మాత్రం కథకుడు తన అవసరం కోసం కుదుర్చుకున్నాడని మిగతావారు అన్నారు. ఇద్దరూ పాక్షికంగా సరైనవారేనని నాకు అనిపించింది. విత్తనం గురించి, సమయం గురించి విడివిడిగా అడగాలని ఆ రోజే నేర్చుకున్నాం.

ఇక కూర్చునే తీరు గురించి. హాల్లోంచి బయటికి వస్తూనే వాదించకండి, కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. చర్చకు ముందు ఎవరో ఒకరు చివరి అరగంటను అభిప్రాయం కలపకుండా వరుసగా చెప్పాలి. సగం తగాదాలు దృశ్యాలను వేర్వేరుగా గుర్తుపెట్టుకోవడం వల్లనే వస్తాయి. ముగింపును ఎక్కువగా మెచ్చుకున్నవారితో కాసేపు దానికి ఎదురుగా మాట్లాడించండి. హీరో మీద అభిమానాన్ని ఎగతాళి చేయకండి. మొదటి ఏడాది మేము ఆ తప్పు చేయడం వల్ల ఇద్దరు స్నేహితులు చాలా నెలలు మాట్లాడుకోలేదు, అది నన్ను నిజంగా బాధపెట్టింది. ‘జనానికి గదే కావాలె’ అనే మాట వస్తే, అది సినిమా ఎందుకు అలా తీశారో చెబుతుంది గానీ కథ కుదిరిందో లేదో చెప్పదని మర్యాదగా గుర్తుచేయాలి. చివరి దృశ్యంలో ఎవరికి ఒక్క మాట కూడా దక్కలేదో తప్పక చూడండి. ఈ ప్రశ్న మా కూడికలో ఆడవాళ్లు తెచ్చినది. శుభం కార్డు పడేసరికి హీరోయిన్ ఏమి కోరుకున్నదో చెప్పలేని సినిమాలు ఎన్ని ఉన్నాయో అప్పుడే మాకు తెలిసింది.

ముగింపు కుదరలేదన్నవారు వేరే ముగింపును అయిదారు వాక్యాల్లో చెప్పి తీరాలి, దానికీ ఇవే ప్రశ్నలు వేయాలి. 2023లో వచ్చిన ‘బలగం’ మీద మాట్లాడినప్పుడు ఇది బాగా కుదిరింది. మన పల్లెల్లో చావు తరువాత జరిగే తంతులన్నీ తెలిసిన వాళ్లమే కనుక, అందులో చనిపోయిన ఇంటి పెద్ద కొమురయ్యకు పెట్టిన కూడును కాకి ముట్టకపోవడం ఎంత పెద్ద సంగతో ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ షరతు కథ మధ్యలోనే పెట్టినది కాబట్టి కాకి రావడంపై ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ కొమురయ్య కొడుకు, అల్లుడి మధ్య నల్లి బొక్క దగ్గర మొదలై ఏళ్ల తరబడి సాగిన పగ ఒక్క పాటకు కరగడం సులువు కాదా అని ఒక విద్యార్థిని అడిగింది. కాకి రాకుండానే ఇంటివాళ్లు కలిసి ఏడ్వడంతో ముగించాలని ఆమె ప్రతిపాదించింది. అప్పుడు ఊరు వాళ్లను ఏమంటుందని ఒకరు, కొమురయ్య కోరిక తీరిందని మనకెలా తెలుస్తుందని మరొకరు అడిగారు. మొదటిదానికి ఆమె జవాబు చెప్పగలిగింది, రెండోదానికి చెప్పలేకపోయింది. ఇంతలో నర్సంపేట పెద్దాయన, తమ ఇంట్లో తండ్రి పోయినప్పుడు పాట పాడేవాళ్లు వచ్చిన రాత్రే ఏళ్లుగా మాటలు లేని తన అన్నదమ్ములు పలకరించుకున్నారని చెప్పారు. జీవితంలో జరిగినంత మాత్రాన కథలో కుదిరినట్టు కాదని ఆ అమ్మాయి నెమ్మదిగా అన్నది. ఆయన కాసేపు ఆలోచించి, పాటకు ముందు సినిమాలో ఆ బావామరుదుల మధ్య ఒక్క చిన్న మెత్తని చూపు ఎక్కడైనా ఉన్నదేమో చూసి వస్తానని, వచ్చే నెల దాకా ఈ చర్చను ఆపమని కోరారు. మేము ఆపాం.