సెటిరిజినా, ఫెక్సోఫెనడినా: మీకు ఏది సరిపోతుందో తేల్చుకునే పద్ధతి

పొద్దున లేస్తూనే అలర్జీతో వరసగా తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు, కళ్ల దురద ఉన్నాయంటే మందుల షాపులో ముందుగా చేతికిచ్చేది సెటిరిజిన్ 10 మి.గ్రా. కొంచెం ఖరీదైనా పర్వాలేదంటే ఫెక్సోఫెనడిన్ 120 ఇస్తారు, అల్లెగ్రా పేరుతో ఎక్కువమందికి తెలిసిన మందు అదే. తుమ్ములు, దురద, ముక్కు కారడం తగ్గించడంలో రెండింటి మధ్య తేడా చాలా కొద్ది. అందుకని ‘ఏది పవర్‌ఫుల్?’ అని అడగడం కంటే మీరు పగలంతా ఏం పని చేస్తారు, మాత్ర దేనితో మింగుతారు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నవి చూసుకుంటే సరైన మందు దొరుకుతుంది.

ముందు మగత సంగతి. అమెరికాలో మందుతో పాటు ఇచ్చే అధికారిక సమాచార పత్రం (లేబుల్) లెక్కల ప్రకారం సెటిరిజిన్ 10 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో 14 శాతం మందికి మగత వచ్చింది, పోల్చి చూడటానికి ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 6 శాతం మందికి. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు చేరదు కాబట్టి దానితో వచ్చే మగత ఉత్తుత్తి మాత్రతో సమానం. కొందరికి తలనొప్పి వస్తుంది. బండి నడిపేవాళ్లు, మెషీన్ల మీద పనిచేసేవాళ్లు, పరీక్షలకు చదివేవాళ్లు ఫెక్సోఫెనడిన్‌తో మొదలుపెట్టడం మంచిది. రాత్రి దురదతో నిద్ర పట్టనివాళ్లకు సెటిరిజినే హాయి. అయితే ఆ రాత్రి మద్యం తాగకూడదు, మత్తు ఇంకా పెరుగుతుంది. సెటిరిజిన్‌తో నోరు ఎండిపోవచ్చు. ప్రోస్టేట్ వల్ల మూత్రం సరిగా రానివాళ్లు దాన్ని డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

ఫెక్సోఫెనడిన్ ‘పనిచేయలేదు’ అనేవాళ్లలో కొందరు దాన్ని మింగే తీరులోనే పొరపాటు చేస్తారు. బత్తాయి, కమలా, యాపిల్, ద్రాక్ష, ఏ పండ్ల రసంతోనూ దాన్ని వేసుకోకండి. మందును పేగు గోడ దాటించే రవాణా ప్రోటీన్లను కొన్ని రసాలు అడ్డుకుంటాయి. నారింజ, గ్రేప్‌ఫ్రూట్ రసాలతో ఒంట్లోకి చేరే మందు మూడో వంతుకు పైగా తగ్గుతుందని లేబుల్‌లోనే ఉంది. డైజీన్, జెలుసిల్ లాంటి అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు అంతకన్నా ఎక్కువగా తగ్గిస్తాయి, కాబట్టి కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. భోజనానికి ముందు, గ్లాసు మంచినీళ్లతో వేసుకోండి. సెటిరిజిన్‌కు ఈ పట్టింపులేవీ లేవు.

కిడ్నీ జబ్బు ఉంటే రెండింటికీ డోసు మారుతుంది. సెటిరిజిన్ ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది కనుక సాధారణంగా 5 మి.గ్రా.కు తగ్గిస్తారు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు మందగిస్తే పెరిగేది) ఎక్కువున్న పెద్దవాళ్లు పగలంతా కునుకుతుంటే ముందు ఈ మాత్రనే అనుమానించాలి. ఫెక్సోఫెనడిన్ ఎక్కువగా మలంలో పోయినా, కిడ్నీ బలహీనంగా ఉంటే అదీ రక్తంలో పేరుకుంటుంది. డోసు డాక్టరే నిర్ణయించాలి.

ఇక పరీక్షించే పద్ధతి. ఒక నోట్‌బుక్‌లో తుమ్ములు, కారడం, దురద, దిబ్బడ అని నాలుగు గళ్లు గీయండి. రోజూ తర్వాతి మాత్రకు ముందు ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు వేయండి: 0 అంటే లేదు, 3 అంటే పని చెడేంత. మాత్ర ప్రభావం 24 గంటలూ నిలిచిందా లేదా అన్నది తేలేది ఆ సమయంలోనే. పక్కనే ‘మగత’ అని ఇంకో గడి ఉంచండి. వారం ఒక మందు, ఆ తర్వాత వారం రెండోది, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. సెటిరిజిన్ మొదటి డోసు రాత్రిపూట ఇంట్లో ఉన్నప్పుడు వేసుకుని, మర్నాడు మత్తు వదిలిందో లేదో చూసుకున్నాకే బండి తీయండి. వయ్యారిభామ పెరిగిన ఖాళీ స్థలాల్లోకి, దుమ్ము దులిపే పనికి వెళ్లేముందు ఏ మాత్రయినా గంట, రెండు గంటల ముందే పడాలి. తుమ్ములు మొదలయ్యాక వేస్తే ఫలితం అంతగా ఉండదు.

ఆ రెండు వారాలూ జలుబు మాత్రలకు దూరంగా ఉండండి. పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్‌తో పాటు సెటిరిజినో, అదే రకం పాత మందు క్లోర్‌ఫెనిరమినో కలిసి ఉండే స్ట్రిప్‌లు ఎన్నో. అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ కాంబినేషన్లలో చాలావాటిలో లెవోసెటిరిజిన్ ఉంటుంది, అంటే అదే కుటుంబం మందు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవకుండా కొంటే ఒకే రకం మందు రెండుసార్లు పడుతుంది.

దిబ్బడ గడిలో మాత్రం మార్కు 2, 3 దగ్గరే ఆగిపోతే మాత్ర మార్చి లాభం లేదు. ఈ రెండూ దిబ్బడ మీద అంతంతమాత్రమే. దానికి డాక్టర్ రాసే ముక్కు స్టెరాయిడ్ స్ప్రే మేలు. దద్దుర్లతో పాటు పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్ర వేసి ఎదురుచూడకండి. అప్పుడు ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షనే, వెంటనే 108కు ఫోన్ చేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లల విషయంలో ఈ సొంత పరీక్ష వద్దు.

సెటిరిజిన్ నెలలు, ఏళ్ల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే కొద్దిమందికి ఒళ్లంతా తీవ్రమైన దురద వస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. దాన్ని పాత అలర్జీ తిరగబెట్టిందనుకుని ఇంకో మందు వెంట పడతారు. ఆపిన కొన్ని రోజుల్లోనే మొదలైతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. మళ్లీ మొదలుపెడితే చాలామందికి తగ్గుతుంది, ఆ తర్వాత మెల్లగా తగ్గిస్తూ ఆపే పద్ధతి ఆయన చెబుతారు.